వెబ్‌సైట్ చేయించే ముందు: పేరు ఎవరి ఖాతాలో ఉందో చూసుకోండి

మా తెలుగు సంఘం ఆఫీసుకు పిల్లల చదువుల గురించి, భాషా అల్పసంఖ్యాకుల సౌకర్యాల గురించి అడగడానికి వచ్చేవారే ఎక్కువ. ఈమధ్య ఇంకో ప్రశ్న కూడా తరచుగా వస్తోంది. "సార్, మన వ్యాపారానికి వెబ్‌సైట్ చేయించాలి, ఎవరికి ఇస్తే బాగుంటుంది?" శెనక్కాయల నూనె గానుగ పెట్టినవారు అడిగారు, వై.ఎన్. హొసకోట పట్టుచీరల మగ్గాలవారు అడిగారు, శనిమహాత్మ గుడి దగ్గర లాడ్జి నడిపేవారు అడిగారు, సోలార్ పార్కు వచ్చాక కార్లు బాడుగకు తిప్పుతున్నవారూ అడిగారు.

ఫలానా కంపెనీకి ఇవ్వండి అని చెప్పడం సంఘం పని కాదు. అందుకని నేను ఎవరి పేరూ చెప్పను. ఏమేం చూసి ఎంచుకోవాలి, ఏ కాగితం రాయించుకోవాలి అన్నది మాత్రం చెప్పగలను. నాకు కంప్యూటర్ విద్య పెద్దగా రాదు. నా ఉద్యోగమంతా గుమాస్తాగిరీలో, రికార్డుల మధ్య గడిచింది. ఈ వ్యవహారంలో చాలావరకు రికార్డుల సంగతే కాబట్టి రాయడానికి ధైర్యం చేస్తున్నాను.

ముందు మా తప్పు చెబుతాను

మా సంఘం మొదటి వెబ్‌సైట్‌ను తెలిసిన కుర్రవాడొకడు తక్కువ ఖర్చుతో చేసి ఇచ్చాడు. బాగానే చేశాడు. ఉగాది కవి సమ్మేళనం ఫోటోలు, సభ్యుల పట్టిక, పెద్దల పాత ఛాయాచిత్రాలు అన్నీ అందులో పెట్టాం. చిరునామాను ఉగాది క్యాలెండరు మీద, లెటర్‌హెడ్ మీద, సన్మాన పత్రాల మీద అచ్చువేయించాం. ఆ పేరును మాత్రం అతను తన సొంత ఈ-మెయిల్‌తో, తన ఖాతాలో రిజిస్టర్ చేశాడు. మేం అడగలేదు, అతను చెప్పలేదు. తర్వాత అతనికి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది, ఫోన్ నంబరు మారింది. గడువు తీరుతోందని వచ్చిన మెయిళ్లన్నీ అతని పాత పెట్టెలోనే పడి ఉన్నాయి. ఒకరోజు ఒక సభ్యుడు ఫోన్ చేసి, "సార్, మన సంఘం సైట్ తెరిస్తే పేకాట వస్తోంది" అన్నాడు. గడువు దాటిన పేరును ఎవరో కొనుక్కొని జూదం ప్రకటనలు పెట్టారు. ఫోటోలకు మా దగ్గర వేరే కాపీ లేదు. అందులో కొన్ని ఛాయాచిత్రాలు ఇచ్చిన పెద్దలు ఇప్పుడు లేరు, వాళ్ల ఇళ్లలోనూ ఆ ఫోటోలు లేవు.

ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టడానికి లేదు. కార్యదర్శిని నేను. పహణిలో పేరు చూడకుండా సెంటు భూమి కూడా కొనవద్దని ఊరందరికీ చెప్పే మనిషిని, మా సొంత సంఘం పేరు ఎవరి ఖాతాలో ఉందో ఒక్కసారి కూడా చూడలేదు.

మాది సంఘం కాబట్టి పరువుతో పోయింది. నాకు తెలిసిన ఒక నేత కుటుంబానికి డబ్బుతో పోయింది. చీరల పెట్టెల మీద సైట్ పేరు అచ్చువేయించుకున్నాక, చేసిచ్చిన సంస్థ రెండో సంవత్సరం ఛార్జీ ఒక్కసారిగా పెంచింది. వేరేవాళ్లకు ఇచ్చుకుంటామంటే, "పేరు మాది, కావాలంటే కొత్త పేరు పెట్టుకోండి" అన్నారు. పెట్టెలన్నీ పారేయలేక అడిగినంత కట్టారు. పేరు ఇప్పటికీ వాళ్ల చేతికి రాలేదు.

మూడు వేర్వేరు వస్తువులు

వెబ్‌సైట్ అని మనం ఒకే మాట అంటాం గానీ అందులో మూడు ఉన్నాయి. ఒకటి పేరు, అంటే డొమైన్. రెండోది ఆ సైట్ ఫైళ్లు ఉండే చోటు, అంటే హోస్టింగ్. మూడోది ఆ చోట కట్టిన కట్టడం, అంటే డిజైన్, రాతలు, ఫోటోలు, ప్రోగ్రాము. డిజైన్ కంపెనీ మూడింటినీ కలిపి ఒకే మొత్తం చెబుతుంది. మనం మూడింటినీ విడదీసి ఆలోచించాలి.

మన తాలూకులోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. తిరుమణి చుట్టుపక్కల ఐదు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. అందుకు రైతుల భూమిని కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి 5 శాతం పెంచే లెక్క. ఆ గుత్త లాభమా నష్టమా అన్న చర్చ వేరే, దాని మీద మనవాళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. పలకలు కంపెనీవి అయినా, పహణిలో పేరు మాత్రం రైతుదే. వెబ్‌సైట్ విషయంలో కూడా కట్టేవాడు ఎవరైనా కావచ్చు, పేరు మాత్రం మన ఖాతాలో ఉండాలి.

అందుకని నా మొదటి సలహా, కంపెనీని వెతకడానికి ముందే డొమైన్ పేరు మీరే కొనుక్కోండి. ఏడాదికి వెయ్యి రూపాయల అటూ ఇటూ అవుతుంది. డాట్ కామ్ కావచ్చు, డాట్ ఇన్ కావచ్చు. డాట్ ఇన్ పేర్ల రిజిస్ట్రీని నిక్సీ అనే సంస్థ చూస్తుంది. 2005 నుంచి ఈ పేర్లు అందరికీ సులువుగా దొరుకుతున్నాయి. పేరు చివర డాట్ భారత్ అని తెలుగు లిపిలోనే పెట్టుకునే సౌకర్యం కూడా నిక్సీ ఇచ్చింది. ముచ్చటగా ఉంటుంది గానీ, దానొక్కదాని మీదే వ్యాపారం నడపమని నేను చెప్పను. తెలుగులో టైపు చేయలేని గిరాకీకి కష్టం. అదనంగా పెట్టుకోండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రిజిస్ట్రంట్ అనే చోట మీ పేరో మీ సంస్థ పేరో ఉండాలి. ఇచ్చే ఈ-మెయిల్ మీరు రోజూ చూసేది కావాలి, డిజైనరుది కాకూడదు. మొబైల్ నంబరు ఇంట్లో స్థిరంగా ఉండేది ఇవ్వండి. వాడకుండా వదిలేసి రద్దయిన నంబరును, రద్దయిన 90 రోజుల తర్వాత వేరొకరికి ఇచ్చే వీలుంది. అప్పుడు మీ ఓటీపీ వాళ్లకు వెళుతుంది.

ఇప్పటికే సైట్ ఉన్నవారు ఈ రోజే పరీక్షించుకోవచ్చు. హూఈజ్ అనే వెతుకుడు పేజీలో మీ డొమైన్ పేరు కొడితే ఎప్పుడు రిజిస్టర్ అయింది, ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, గడువు ఎప్పుడు అన్నవి కనిపిస్తాయి. యజమాని పేరు మాత్రం గోప్యత కారణంగా చాలాసార్లు కనబడదు. కాబట్టి అసలు పరీక్ష ఇది: రిజిస్ట్రార్ సైట్‌లో మీరు సొంతంగా లాగిన్ కాగలరా? కాలేకపోతే ఆ పేరు మీ చేతిలో లేదనే అర్థం. డిజైనరును మర్యాదగా అడిగి, మీ ఖాతాకు మార్పించుకోండి. ఒకే రిజిస్ట్రార్ దగ్గరైతే ఖాతా నుంచి ఖాతాకు మార్చవచ్చు. వేరే రిజిస్ట్రార్‌కు మార్చాలంటే ఆథరైజేషన్ కోడ్ అనే రహస్య అంకె కావాలి. డాట్ కామ్ పేరైతే కొత్తగా కొన్న 60 రోజుల వరకు అలా మార్చడం కుదరదు.

గడువు సంగతి కూడా చెబుతాను, మేం దెబ్బ తిన్నది అక్కడే. డాట్ కామ్ పేరు గడువు దాటగానే పోదు. రిజిస్ట్రార్‌ను బట్టి కొన్ని రోజులు, గరిష్ఠంగా 45 రోజులు, మామూలు రుసుముతో పునరుద్ధరించుకోవచ్చు. అది దాటి పేరు తొలగింపులో పడితే 30 రోజుల విమోచన కాలం ఉంటుంది, అప్పుడు అదనపు రుసుము బాగా ఎక్కువ. ఆ తర్వాత 5 రోజులు. ఆపైన ఎవరైనా కొనుక్కోవచ్చు. అంటే మా పేరు పోవడానికి ముందు మాకు చాలా వారాల వ్యవధి ఉంది. హెచ్చరిక మెయిల్ ఒక్కటి మా పెట్టెలో పడి ఉంటే సరిపోయేది.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పేరు

పేరు కోసం ఇంత పట్టుదల ఎందుకని కొందరు నవ్వుతారు. మన తెలుగువారికి బాగా తెలిసిన సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా సత్యం ఇన్ఫోవే అనే సంస్థ ఉండేది. ఆ రెండు మాటల్లోని ముక్కలు కలిపి సిఫీ అని పేరు చేసుకొని, ఆ పేరుతో 1999లో డొమైన్లు రిజిస్టర్ చేసుకుంది. తర్వాత 2001లో మొదలుపెట్టి సిఫీనెట్ సొల్యూషన్స్ అనే మరో సంస్థ, ఒక ఎఫ్ అక్షరం అదనంగా పెట్టి దాదాపు అదే పేరుతో డొమైన్లు తీసుకుంది. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తాత్కాలిక ఆంక్ష ఇచ్చింది. కర్ణాటక హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. చివరికి 2004లో సుప్రీంకోర్టు సివిల్ కోర్టు ఆంక్షనే నిలబెట్టింది. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదు, వ్యాపార చిహ్నంలాగా దానికీ రక్షణ వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పింది.

డాట్ ఇన్ పేర్ల తగాదాలకు ఇప్పుడు నిక్సీ దగ్గర మధ్యవర్తి పద్ధతి ఉంది. ఆ పేరు మీద మనకు హక్కు ఉందని, అవతలివారికి న్యాయమైన ఆసక్తి లేదని, చెడు ఉద్దేశంతో తీసుకున్నారని లేదా వాడుతున్నారని చూపించాలి. అయితే చిన్న వ్యాపారి ఫిర్యాదు వేసి, ఖర్చు పెట్టుకొని తిరిగే బదులు మొదట్లోనే పేరు తన ఖాతాలో పెట్టుకోవడం సులువు.

డబ్బిచ్చి చేయించినా హక్కు మనది కాకపోవచ్చు

ఇది చాలామందికి తెలియదు, నాకూ చాలాకాలం తెలియదు. మనం డబ్బిచ్చి చేయించుకున్నది మనదే అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం అలా చెప్పదు. మన దగ్గర జీతానికి ఉద్యోగం చేసేవాడు ఉద్యోగంలో భాగంగా రాసింది యజమానిది. బయటి కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చి చేయించుకున్న ప్రోగ్రాము మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, మొదట వాళ్లదే. ఫోటోల విషయంలో లెక్క వేరు. డబ్బిచ్చి తీయించుకున్న ఛాయాచిత్రాల మొదటి హక్కుదారు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే. అంటే మీ చీరల ఫోటోలు మీవి, వాటిని చూపించే పేజీ ప్రోగ్రాము వాళ్లది అన్న పరిస్థితి రావచ్చు.

హక్కు బదిలీ నోటిమాటతో చెల్లదు. రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని 5 సంవత్సరాలుగా లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. కాబట్టి ఒప్పందంలో "పూర్తి పైకం ముట్టిన తర్వాత ఈ సైట్ కోసం ప్రత్యేకంగా చేసిన డిజైన్, ప్రోగ్రాము, రాతల హక్కులన్నీ కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా కొనుగోలుదారుకు చెందుతాయి" అన్న వాక్యం ఉండాలి. చాలా సైట్లు వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద కడతారు. దాని హక్కు ఎవరూ మనకు రాసివ్వలేరు, అవసరమూ లేదు. అలాంటి అందరికీ దొరికే సాఫ్ట్‌వేర్ మీద కట్టించుకుంటే రేపు వేరే డిజైనరు కూడా పని అందుకోగలడు. "మా సొంత సాఫ్ట్‌వేర్, ఇంకెవరూ ముట్టుకోలేరు" అని గొప్పగా చెప్పేవారి దగ్గర కొంచెం ఆలోచించండి.

కంపెనీ అసలుదేనా?

మన తాలూకుకు దాదాపు మూడు వైపులా ఆంధ్ర. అందుకే హిందూపురం, మడకశిర నుంచి కూడా కొటేషన్లు వస్తాయి, తుమకూరు, బెంగళూరు నుంచీ వస్తాయి. బిల్లు మీద జీఎస్టీ నంబరు చూడండి. 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: కర్ణాటకకు 29, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తర్వాతి పది అక్షరాలు వాళ్ల పాన్. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే సంస్థ పేరు, ఖాతా నడుస్తోందా రద్దయిందా అన్నది ఉచితంగా తెలుస్తుంది. బెంగళూరు సంస్థ బిల్లులో పన్ను 9, 9గా రెండు భాగాలుగా ఉంటుంది. హిందూపురం సంస్థ అయితే ఐజీఎస్టీ అని ఒకే 18 శాతం ఉంటుంది. మొత్తం ఒకటే. హిందూపురం బిల్లులో స్టేట్ జీఎస్టీ అని వేసి ఉంటే ఎందుకో అడగండి.

జీఎస్టీ నంబరు లేనంత మాత్రాన మోసగాడని కాదు. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షల లోపు ఉన్నవారికి సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఊళ్లోనే పనిచేసే చదువుకున్న పిల్లలు చాలామంది అలాంటివారే, మంచి పని చేసేవారు కూడా. కానీ నంబరు లేనివాడు పన్ను వసూలు చేయకూడదు.

వాళ్లు చేసిన పాత సైట్లు మూడు చూపించమనండి. సైట్ చూసి ఊరుకోకుండా ఆ వ్యాపారులకు ఫోన్ చేయండి. "డిజైన్ బాగుందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "పైకం మొత్తం ముట్టాక కూడా ఫోన్ ఎత్తుతున్నారా? ధర మార్చమంటే ఎన్ని రోజులు పట్టింది?" అని అడగండి.

గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అనేవారిని అక్కడితో వదిలేయవచ్చు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

మూడు భాషల సంగతి

ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ, బిల్లులో ఇంగ్లీషు మనకు అలవాటే. సైట్ కూడా మూడు భాషల్లో ఉంటే మంచిది. గిరాకీలో సగం మడకశిర వైపు నుంచి వస్తే, సగం శిరా, మధుగిరి వైపు నుంచి వస్తుంది. శనివారం గుడికి వచ్చేవారిలో బెంగళూరువారు ఎక్కువ.

ఇక్కడ డిజైనర్లు చేసే పొరపాటు ఒకటి ఉంది. కరపత్రం కోసం డీటీపీ అంగడిలో పాత ఫాంటులో కొట్టించిన తెలుగును తెచ్చి సైట్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. అందుకని దాన్ని బొమ్మగా మార్చి అతికిస్తారు. చూడటానికి బాగుంటుంది, కానీ వెతుకులాటలో ఆ మాటలు సరిగా దొరకవు. కంటిచూపు లేనివారి ఫోన్ చదివి వినిపించడమూ కష్టమే. యూనికోడ్‌లో కొట్టమనండి. తెలుగు, కన్నడ రెండూ 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచే ఉన్నాయి. ఆ పట్టికలో తెలుగు గడులు అయిపోయిన వెంటనే కన్నడ గడులు మొదలవుతాయి, పక్కపక్క ఇళ్లలాగా. పరీక్ష సులువు: ఫోన్‌లో ఆ తెలుగు మాట మీద వేలు నొక్కి పట్టండి. అక్షరాలు ఎంపికై కాపీ అయితే సరైనదే.

అనువాదాన్ని యంత్రానికి వదిలేయవద్దు. మనవాళ్లు శెనక్కాయల నూనె అంటారు, కోస్తావారు వేరుశనగ నూనె అంటారు, కన్నడంలో కడలెకాయి ఎణ్ణె. గిరాకీ ఏ మాటతో వెతుకుతారో ఆ మాటలన్నీ పేజీలో ఉండాలి. ఆ జాబితా మీరే రాసివ్వాలి, బెంగళూరు డిజైనరుకు అది తెలియదు.

పైకం, కాగితం

అడ్వాన్సు మూడో వంతుకు మించి ఇవ్వవద్దని నా అభిప్రాయం. మిగిలింది నమూనా చూశాక ఒక భాగం, తాళాలన్నీ చేతికొచ్చాక చివరి భాగం. తాళాలంటే డొమైన్ లాగిన్, హోస్టింగ్ లాగిన్, సైట్ అడ్మిన్ లాగిన్, గూగుల్ ఖాతా, సైట్ పూర్తి కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో. పేమెంట్ గేట్‌వే ఉంటే డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాకే రావాలి. డిజైనరు ఖాతాలో పడి తర్వాత మీకు వచ్చే ఏర్పాటుకు ఒప్పుకోకండి. రెండో సంవత్సరం నుంచి ఏడాది ఖర్చు ఎంతో, అందులో దేనికెంతో ముందే రాయించుకోండి. తాళం గుర్తు, అంటే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్, ఉచితంగా కూడా దొరుకుతుంది. దానికి వేలల్లో అడిగితే కారణం అడగండి.

సైట్‌లోనే అమ్మకాలు చేసేవారికి 2020 ఈ-కామర్స్ వినియోగదారుల నియమాలు వర్తిస్తాయి: సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు పేజీలో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. నూనె, పచ్చళ్లు వంటివాటికి ఆహార భద్రత లైసెన్సు నంబరు కూడా వేయించండి.

తగాదా వస్తే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చనుకునేవారికి ఒక మాట. వ్యాపార ప్రయోజనం కోసం కొన్న సేవలను 2019 చట్టం సాధారణంగా పక్కన పెడుతుంది. స్వయం ఉపాధితో జీవనం సాగించేందుకు కొన్న వస్తువులకు మాత్రం చట్టంలో మినహాయింపు రాసి ఉంది. సేవల విషయంలో మగ్గం నేసుకునే కుటుంబానికి కూడా ఆ మాట నిలుస్తుందో లేదో చెప్పలేం, పెద్ద వ్యాపారికి ఇంకా కష్టం. అందుకే ఒప్పంద పత్రం మీద అంత పట్టు పడుతున్నాను.

అసలు అందరికీ సైట్ అవసరమా? హోటలు, సెలూను, మెకానిక్ షాపు వంటివాటికి గూగుల్ మ్యాపులో ఉచితంగా నమోదు చేసుకుని, వేళలు, ఫోన్ నంబరు, నాలుగు ఫోటోలు పెడితే ప్రస్తుతానికి చాలు. దాన్ని కూడా మీ ఈ-మెయిల్‌తోనే చేయండి, చేసిపెట్టిన కుర్రవాడి ఈ-మెయిల్‌తో కాదు.

సంఘం కొత్త సైట్ ఇప్పుడు వేరే పేరుతో నడుస్తోంది. డొమైన్ సంఘం పేరునే ఉంది, గడువు తేదీ మినిట్స్ పుస్తకంలో రాశాం, లాగిన్ వివరాలు సీలు కవరులో కోశాధికారి బీరువాలో ఉన్నాయి. పాత పెద్దల ఫోటోలు మాత్రం ఇంకా కొన్ని దొరకలేదు. మీ ఇళ్లలో పాత ఉగాది సభల ఛాయాచిత్రాలు ఉంటే కాపీ తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. వెబ్‌సైట్ కొటేషన్ మీద సందేహం ఉన్నవారు దాన్ని పట్టుకొని సంఘం ఆఫీసుకు రండి, కూర్చుని చదువుదాం.